జోగేశ్వర్రావుగారి ముఖం ఎటు?

"ఒరే, పొయ్యొద్దురా! పొయ్యొద్దు పొయ్యొద్దంటే మీ సెవులకెక్కదేటి?"

నూకరత్నం వరండాలోంచి అరిచిన అరుపుకి ప్రాంగణంలోని పావురాలన్నీ లేచిపోయాయి గాని, నిచ్చెన మీదున్న మనిషి మాత్రం బిందె వంచనే వంచాడు. పాలు జోగేశ్వర్రావుగారి నెత్తిమీద పడి, కళ్ళజోడు మీదుగా ముక్కు మీదికి, ముక్కు మీదనుంచి కోటు గుండీల మీదికి కారుతూ పీఠం దాకా వచ్చాయి. కింద నిలబడ్డవాళ్ళు జోహార్లు చెప్పారు. ఒకడు సెల్లు ఎత్తి వీడియో తీశాడు. పాలు సరిగ్గా పడలేదని ఇంకోసారి పొయ్యమన్నాడు కూడాను.

నూకరత్నం మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగింది.

"ఇయాళ ఆయన పుట్టినరోజా, పోయినరోజా? ఏటని పోస్తన్నారు?"

కార్పొరేటర్ గొంప సన్యాసిరావు తెల్ల చొక్కా మీద పాలచుక్క పడకుండా పక్కకి జరిగి, చేతులు జోడించాడు. "నా పుట్టినరోజు పెద్దమ్మా. పెద్దాయన ఆశీర్వాదం ఉంటే బాగుంటాదని."

"నీ పుట్టినరోజైతే నీ నెత్తిమీద పోసుకో. ఆయన జోలికెందుకు?"

"అలగంటావేటి పెద్దమ్మా, పాలు మంచిదే కదా. ఇసం పోసామేటి?"

ఏం చెప్పమంటారు ఆ మనిషికి? అసలు గొడవంతా అక్కడే ఉంది. విషం పోసినా ఆ విగ్రహానికి ఏమీ అయ్యేది కాదు. పాలు పొయ్యకూడదు.

నూకరత్నం ఆ రాతిమనిషి భార్య. పేడాడ జోగేశ్వర్రావు పేరు తెలియనివాళ్ళు ఆ ఓడరేవు ఊళ్ళో లేరు. పగులు వస్తే తనంతట తనే పూడ్చుకునే సిమెంటు కనిపెట్టిన శాస్త్రవేత్త ఆయన. ఎక్కడెక్కడి వంతెనలకో ఆ సిమెంటే వాడుతున్నారు. పిల్లల పుస్తకాల్లో ఆయనమీద పాఠం కూడా వేశారు. ఆ పాఠంలో వెయ్యనిది ఏమిటంటే, ఆ సిమెంటు మొట్టమొదట పగులు పూడ్చింది వంతెనకి కాదు, నూకరత్నం ఉప్పు జాడీకి.

ఆల్చిప్పలూ నత్తగుల్లలూ ఒంటిచుట్టూ రాయి కట్టుకుంటాయి కదా. అలాగే రాయి కట్టే జీవి, కంటికి ఆననిది, ఒకటి రేవు బురదలో ఆయనకి దొరికింది. దానికి మేత ఏమిటా అని వెతికి వెతికి, మజ్జిగమీద తేరుకునే తేట అని తేల్చాడు. ప్రయోగశాలలో మజ్జిగ ఎవరు చిలుకుతారు? పొద్దున్నే గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడేవాడు. ఆవిడేమో మొగుడు మజ్జిగ తాగి చల్లబడుతున్నాడని మురిసిపోయి, అందులో ఉప్పూ జీలకర్రా వేసి ఇచ్చేది. ఆ జీలకర్రకి ప్రయోగశాలలోని జీవాలన్నీ చచ్చి ఊరుకునేవి. ఎందుకు చస్తున్నాయో తెలుసుకోవడానికే ఆయనకి ఒక ఎండాకాలం పట్టింది. తెలిశాక పెళ్ళాంమీద ఎగిరాడా అంటే అదీ లేదు. తన గ్లాసు ఉత్త తేట తనే వంచుకుని, మిగిలింది ఆ బీటవారిన ఉప్పు జాడీ పక్కన ఒలకబోసి వెళ్ళాడు. ఆ గ్లాసు ప్రయోగశాల నుంచి కడగకుండా, అడుగున ఆ జీవాలతో అలాగే వచ్చిన గ్లాసు. కొన్నాళ్ళకి చూస్తే జాడీకి బీట లేదు. బీటతో పాటు మూత కూడా పూడుకుపోయింది. జాడీ, మూత, అలమర బల్ల, మూడూ ఒకటే రాయి అయిపోయాయి.

ఆవిడ ఉప్పుకోసం పక్కింటికి వెళ్ళొచ్చేలోగా ఆయన బల్లతో సహా జాడీని ఊడబెరుక్కుని వీధి వెంట పరుగెత్తాడు. సంగతి ఏమిటో ఆవిడకి పేపర్లో వచ్చాక తెలిసింది.

ఊరు ఆయన్ని పగుళ్ళు పూడ్చినందుకు మోసింది గాని, ఆయనకి కావలసింది అది కాదు. ఆయన తల్లి రేవులో బొగ్గు తట్టలు మోసిన మనిషి. దగ్గి దగ్గి, నల్లటి కఫం కక్కుకుంటూ పోయింది. గాలిలో పొగనీ బొగ్గు నుసినీ తాగేసి రాయిగా మార్చుకునే గోడ ఒకటి కట్టాలని ఆయన పంతం. ఆ జీవి పొగ తాగేది గాని, పిల్లి పాలు తాగినట్టు కూడా కాదు, చీమ తాగినట్టు. పలకమీద పెట్టిన రాయి సంవత్సరమంతా పొగలో ఉంచినా గోరంత మందం పెరిగేది కాదు. కూతురు హైమ కూడా చదువుకుని అదే ప్రయోగశాలలో చేరింది. ఇద్దరూ కలిసి తిప్పలు పడ్డారు. పోయేముందు ఆయన కూతురి చెయ్యి పట్టుకుని, "అది కుదరలేదే హైమా" అన్నాడు. మంచానికి ఇటు నూకరత్నం కూర్చునుంది. తనవైపు కూడా తిరిగి ఏమైనా అంటాడేమోనని చూసింది. అనలేదు.

కాపురం చేసినన్నాళ్ళూ ఆవిడ ఆయన ముఖం కన్నా వీపు ఎక్కువ చూసింది. సూక్ష్మదర్శినిమీద వంగిన వీపు, కాగితాలమీద వంగిన వీపు, అన్నం కంచం ముందు కూడా గోడవైపు తిరిగి ఏదో లెక్క వేసుకుంటున్న వీపు.

అందుకని విగ్రహం పెడతామన్నప్పుడు ఆవిడ ఒప్పుకుంది. ప్రాంగణానికి మూడువైపులా కట్టడాలు: ప్రయోగశాల, గ్రంథాలయం, తూర్పున ఉద్యోగుల ఇళ్ళు. నాలుగోది, దక్షిణం వైపు, ప్రహరీ అవతల బొగ్గు లారీల రోడ్డు. విగ్రహం ఆ ప్రహరీ పక్కనే, తూర్పుముఖంగా ఉంటే వాస్తు అని సన్యాసిరావు అన్నాడు. తూర్పునే నూకరత్నం వరండా ఉందని ఆవిడ పైకి అనలేదు. శిల్పి పక్కన పీట వేసుకుని కూర్చుని, ముక్కు అలా కాదని, ఎడమ బుగ్గమీద అమ్మవారి మచ్చ ఉండాలని, కనుబొమలు ఎప్పుడూ ఏదో పోగొట్టుకున్నవాడిలా ఉండాలని, ఆ శిల్పి ప్రాణం తీసింది. చెక్కింది కూడా ఆయన కనిపెట్టిన రాయిలోనే. హైమ దానికి మేత లేకుండా మాడ్చి నిద్రపుచ్చింది. ముసుగు తీసిన రోజున మైకులో మరీమరీ చెప్పింది: "వాన పడినా ఫరవాలేదు, దండలు వేసుకోండి, కొబ్బరికాయలు కొట్టుకోండి, పాలు మాత్రం పొయ్యకండి. పాలు దానికి మేత."

అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టి, ఆ వచ్చే జయంతికి బిందెలు తెచ్చారు.

పాలాభిషేకం లేకపోతే అది పెద్దమనిషి విగ్రహమని ఎవరు నమ్ముతారు? సినిమా బొమ్మలకి పోస్తున్నారు, నాయకులకి పోస్తున్నారు, మన ఊరి శాస్త్రవేత్త ఏం పాపం చేశాడు? ఇదీ సన్యాసిరావు వాదన. జయంతికి పోశారు. వర్ధంతికి పోశారు. విజ్ఞాన దినమని, పదో తరగతి ఫలితాలని, సన్యాసిరావుకి మనవడు పుట్టాడని పోశారు.

మొదట్లో బాగానే ఉంది. బుగ్గలు నిండాయి. "పెద్దాయన కళ పెరిగింది" అనుకున్నారు జనం. తరవాత కళ్ళజోడు కనుబొమల్లో కలిసిపోయింది. కోటు గుండీలు మాయమయ్యాయి. కుడివైపు చెవి చిక్కుడాకంత అయింది, కుడి బుగ్గ పొంగింది, ముక్కు ఆ పక్కకి మళ్ళింది. ఒకరోజు పొద్దున్న నూకరత్నం కాఫీ గ్లాసుతో వరండాలోకి వచ్చి కూర్చుని చూసేసరికి, ఆయన తనవైపు లేడు. రోడ్డువైపు తిరిగి ఉన్నాడు.

రాయి తిరగదు కదండీ. మేత ఎటుంటే అటు పెరుగుతుంది, అంతే. కానీ ఆవిడ గుండెకి ఆ మాట ఎవరు చెబుతారు? "రాయైనా సరే, ఓ సోట కుదురుగా ఉండడు గదా ఈ మనిషి" అని కాఫీ గ్లాసు ఠంగుమని పెట్టింది.

ఊళ్ళో మాత్రం రకరకాలుగా అన్నారు. రేవు కూలీలమీద దయతో అటు తిరిగాడన్నారు కొందరు. సన్యాసిరావు పార్టీమీద అలిగి ముఖం తిప్పుకున్నాడన్నారు అవతలి పార్టీవాళ్ళు. ఆ మాట పడలేక సన్యాసిరావు అలక తీర్చడానికి మళ్ళీ పాలు పోయించాడు.

ఈ గోలలో ఇంకో సంగతి ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకున్నది పైడితల్లి.

పైడితల్లి ప్రాంగణం గేటు పక్కన ఇడ్లీ బండి పెట్టుకునే ఆవిడ. ఆ లారీల రోడ్డుమీద బతికే వాళ్ళందరికీ ఉన్నట్టే ఆవిడకీ ఆయాసం. నాలుగు మాటలు ఆడాలంటే మధ్యలో రెండుసార్లు ఆగి, జాకెట్లోంచి పీల్చే మందు తీసి నోట్లో కొట్టుకునేది. ఇడ్లీ పిండిమీద తడిబట్ట కప్పినా నల్లటి నుసి దిగేది. అలాంటిది, ఈమధ్య పిండి పిండిలాగే ఉంటోంది. నూకరత్నం దండెం మీద ఆరేసిన చీరలు తెల్లగా దిగుతున్నాయి. పైడితల్లికి ఊపిరి తిరిగి వచ్చింది. ఊపిరితో పాటు నోరు కూడా వచ్చింది. అంతకుముందు ఆయాసం ఆపిన తిట్లన్నీ ఇప్పుడు వరసపెట్టి తిట్టడం మొదలెట్టింది.

"ఏటప్పా, పొద్దున్నే మొగుడితో తగువేటి? నువ్వు అరిస్తే నా బేరం పోతన్నాది."

"నీ బేరానికేటే, నీ నోరు చాలదా తోలీడానికి?"

"నా నోరు ఇన్నాళ్ళకి తెరుసుకుంది. తెరవనీ. పాలోళ్ళని తిడతావు గాని అప్పా, పాలు పోసినకాడినించే నా గుండెల్లో పిల్లి అరుపు ఆగిపోయింది."

"నీకు పిల్లి ఆగింది, నాకు మొగుడి మొకం పోయింది."

"మొకాలు సూసుకునే వయసేటే మనది?" అంది పైడితల్లి. ఆ తరవాత రెండు పూటలు ఇద్దరూ మాట్లాడుకోలేదు.

హైమ ఒక సాయంత్రం విగ్రహం నుంచి గీకిన చిన్న ముక్క తీసుకుని ఇంటికి వచ్చింది. అమ్మ వంటగట్టుమీద ముక్క పెట్టింది. పక్కన అగరొత్తి వెలిగించి, రెండింటిమీదా పెద్ద గాజు గిన్నె బోర్లించింది. గిన్నె నిండా పొగ సుళ్ళు తిరిగింది. నూకరత్నం పోపు వేస్తూ అటు చూసింది. ఆవాలు చిటపటలాడి ఆగేలోగా గిన్నె లోపల తేటపడిపోయింది. అగరొత్తి ఇంకా వెలుగుతూనే ఉంది, పొగ మాత్రం పైకి లేచి ముక్క దగ్గరికి వంగిపోతోంది. ముక్కమీద పాలమీద మీగడలా తెల్లటి పొర కట్టింది.

హైమ కుర్చీలో కూలబడింది. నవ్విందో ఏడ్చిందో తల్లికి తెలియలేదు.

"ఏటే, ఏటయింది?"

"కుదిరిందమ్మా. నాన్నకి కుదరనిది కుదిరింది. ఇది ఆ పాత జీవి కాదు. పాలూ బొగ్గునుసీ కలిసి తాగి తాగి, వేరే వంగడం అయిపోయింది. నాన్న చుక్కలు లెక్కపెట్టి పోసేవారు. వీళ్ళు బిందెలతో పోశారు."

"అంటే ఆ సన్నాసిరావు కనిపెట్టినట్టా?"

"అమ్మా!"

"అనకేటి? రేపు ఆడికీ ఓ బొమ్మ పెడతారు. దానికీ పాలు పోస్తారు."

సాయంత్రానికి మెలకువగా ఉన్న ముక్క తెల్లారేసరికి పడుకుంది. మజ్జిగతేట పోసినా, పొగ పెట్టినా లేవలేదు. హైమ మళ్ళీ మళ్ళీ గీకి తెచ్చింది. ప్రయోగశాల గిన్నెల్లో పెట్టింది, పలకలమీద పెట్టింది. విగ్రహం నుంచి విడదీస్తే బతకడం లేదు. ఆ విగ్రహంమీద, ఆ గాలిలో నిలబడితేనే బతుకుతోంది.

అప్పుడే మంత్రిగారు ప్రాంగణానికి వస్తున్నట్టు కబురు వచ్చింది. సన్యాసిరావు పరుగున వచ్చాడు. ముఖంలేని మహానుభావుడికి మంత్రిగారి చేత దండ ఎలా వేయిస్తాం అని గోల.

హైమ తల్లికి విషయం ఉన్నదున్నట్టు చెప్పింది. పెరిగిన పొర తెల్లగా, గుడ్డు పెంకులా, కింద పాత రాయినుంచి ఒలిస్తే ఇంకా ఊడి వస్తోంది. ఇప్పుడు ఒలిపించి, లక్కపూత వేస్తే ఆ ముఖం ఎప్పటికీ అలాగే ఉంటుంది. జీవం మాత్రం చచ్చిపోతుంది. ఇంకా ఆలస్యమైతే పాతదీ కొత్తదీ కలిసి ఒకే రాయి. ఆ పైన ముఖం ఏ శిల్పి వెతికినా దొరకదు.

"నువ్వేటంటావు మరి?" అంది నూకరత్నం.

"నేను అననమ్మా. ఆ ముఖం చేయించింది నువ్వు. నువ్వు చెప్పేదాకా నేను చెయ్యి పెట్టను, ఎవర్నీ పెట్టనివ్వను."

"అన్నీ ఆ తండ్రి బుద్దులే! మాట అడిగితే సెప్పవు. సదువుకున్నదానివి నువ్వా నేనా?"

"ఇది చదువుతో చెప్పేది కాదమ్మా."

"అయితే ఒలిపించు," అంది నూకరత్నం. "నా మొగుడి మొకం నాకివ్వు. కాపురమంతా ఊరికే ఇచ్చీసాను ఆయన్ని. రాయినైనా ఉంచుకోనీండి."

హైమ తలూపింది. ఒక్క మాట అనకుండా తలూపడమే నూకరత్నానికి ఒళ్ళు మండించింది.

విగ్రహం చుట్టూ కర్రలు కట్టి, టార్పాలిన్ కప్పారు. గాలి తగలక రాయి నిద్రపోయింది. లోపల ఒలిచే పని మొదలైంది. సుత్తి చప్పుడు టకటకమని వరండాలోకి వినపడుతుంటే నూకరత్నం లోపల లెక్కలు వేసుకుంది: ఇప్పుడు చెవి అయి ఉంటుంది, ఇప్పుడు బుగ్గ అయి ఉంటుంది, మచ్చ దగ్గర జాగ్రత్తగా కొడుతున్నారో లేదో.

దండెం మీద చీర దులిపితే నల్లటి నుసి రాలింది. పాత రోజులు తిరిగొచ్చాయి, అంతే. ఎన్నేళ్ళు బతకలేదు ఆ నుసిలో? మళ్ళీ ఉతుక్కుంటే పోతుంది అనుకుంది.

ఆ వారంలోనే ఒక పొద్దున్న కాఫీ తాగుతుంటే, ఏదో లోటుగా అనిపించింది. ఏమిటో తెలియక, పాలు పొంగాయా, కుళాయి కట్టానా అని లోపలికి వెళ్ళి చూసుకుని వచ్చింది. ఆ తరవాత తెలిసింది. గేటు దగ్గర తిట్లు వినపడడం లేదు.

ఆవిడ గేటు దాకా నడిచింది. పైడితల్లి బండి వెనక పీటమీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళమీద ఆనించి, ముందుకు వంగి ఉంది. భుజాలు పైకీ కిందికీ ఆడుతున్నాయి. ఇడ్లీ కావాలన్నవాళ్ళకి వేళ్ళు చూపించి, ధర చేతితోనే చెబుతోంది.

"ఏటే పైడితల్లీ?"

"ఏటీ... నేదప్పా."

"ఏటీ లేకపోతే నోరెందుకు పడిపోయింది?"

పైడితల్లి ఒక నవ్వు నవ్వింది. నవ్వడానికి కూడా ఊపిరి చాల్లేదు. "నీ మొగుడు... బాగా ఒస్తన్నాడంట కదా... మచ్చతో సహా... శిల్పోడు సెప్పాడు."

"నన్ను తిట్టవేటే?" అంది నూకరత్నం.

"ఎందుకప్పా... నీది నువ్వు... అడిగావు."

తిట్టి ఉంటే తగువు పెట్టుకుని ఇంటికి వచ్చేసేది. బతిమాలి ఉంటే కసిరి వచ్చేసేది. రెండూ చెయ్యలేదు ఆ మనిషి. ఇడ్లీ ఆకులో పెట్టి, చట్నీ వేసి, మూట కట్టి ఇచ్చింది. నూకరత్నం ఆ పొట్లం పట్టుకుని తిరిగి వస్తూ, దారి పొడుగునా తనలో తనే ఎవరినో తిట్టుకుంది. ఎవరినో ఆవిడకే తెలియలేదు. పాలు పోసినవాళ్ళనా, పొయ్యొద్దని ఆ ఒక్కరోజే చెప్పి ఊరుకున్న కూతుర్నా, బొగ్గు దింపే ఓడలనా, ఈ తలనొప్పంతా తయారుచేసి తను మాత్రం హాయిగా పోయిన మనిషినా? ఇంటికొచ్చి ఆ పొట్లం విప్పకుండానే గట్టుమీద పెట్టేసింది.

పూత వేసే రోజు పొద్దున్నే హైమ తల్లిని తీసుకెళ్ళింది. టార్పాలిన్ ఒక పక్కకి తొలగించారు. లక్కపూత డబ్బా మూత తీసి, కుంచె దానిమీద అడ్డంగా పెట్టి, శిల్పి చేతులు తుడుచుకుంటున్నాడు. సన్యాసిరావు ముందే వచ్చి నిలబడ్డాడు.

నూకరత్నం తల ఎత్తింది.

ఆయనే. అమ్మవారి మచ్చతో, ఏదో పోగొట్టుకున్న కనుబొమలతో, తూర్పుకి, వరండాకి, సరిగ్గా తనకి ఎదురుగా. పెంకు కింద దాగి ఉన్నందుకేమో, రాయి తడితడిగా, చెమట పట్టినట్టు మెరుస్తోంది. ఆవిడ చూస్తూ ఉండిపోయింది. శిల్పి కుంచె చేత్తో పట్టుకుని ఆగాడు. ప్రహరీ అవతల ఒక లారీ వెళ్ళింది, దాని వెనక ఇంకొకటి. గేటు దగ్గర ఎవరో దగ్గుతున్నారు. దగ్గు ఆగి, మళ్ళీ మొదలై, ఈసారి ఆగలేదు.

"వెయ్యమంటారా అమ్మా?" అన్నాడు శిల్పి.

"ఆ డబ్బా మూత పెట్టు."

"ఏటి పెద్దమ్మా?" సన్యాసిరావు ముందుకొచ్చాడు. "మంత్రిగారు—"

"మూత పెట్టమన్నాను. ఆ పరదా కూడా ఇప్పీండి. పూర్తిగా."

"అమ్మా," హైమ చెయ్యి పట్టుకుంది. "ఇదే ఆఖరు. ఆ కొత్త జీవం పాత రాయిలోకి కూడా ఇంకింది, ఇప్పుడు గాలి తగిలితే లేస్తుంది. ఇంకోసారి ఒలవడం కుదరదు. బాగా ఆలోచించుకో. పోనీ అచ్చు తీసుకుందామంటే, తడి సున్నం తగిలిన క్షణం అతుక్కుపోతుంది. ఫొటో అయినా తీసుకోనియ్యి."

"ఫొటోలు లేకనేటి? గోడకి ఉన్నాడు కదా దండేసుకుని. అందులో ఆ కెమేరావోణ్ణి సూస్తన్నాడు, నన్ను కాదు." ఆవిడ పైట చెంగుతో ముక్కు తుడుచుకుని, ఇంకా గట్టిగా అరిచింది. "నిలబడిపోయారేటి అందరూ! సూసాను కదా! కడుపునిండా సూసాను. ఇంకేటి, అద్దంలో పెట్టుకుని కూసోమంటారా? అక్కడ అది దగ్గలేక సస్తన్నాది, మీకు ఇనపళ్ళేదేటి?"

ఎవరూ కదలకపోతే ఆవిడే వెళ్ళి తాడు ముడి విప్పబోయింది. ముడి రాలేదు. శిల్పి వచ్చి విప్పాడు. హైమ ఇంకో వైపు తాడు పట్టుకుంది. ఆ పిల్ల కళ్ళు తుడుచుకోవడం నూకరత్నం చూసింది, చూడనట్టు ఊరుకుంది.

ముఖం వెంటనే పోలేదు. కొన్నాళ్ళు రోజూ పొద్దున్నే ఆవిడ వరండాలో కూర్చుని, ఇవాళ ఏం పోయిందో చూసుకునేది. మొదట మచ్చ పోయింది. తరవాత పెదవులు మూసుకుపోయాయి. "ఎలాగూ మాటాడీవోడివి కాదులే" అంది. కనుబొమలు చివరిదాకా నిలిచాయి. అవి కూడా పోయిన రోజున ఆవిడ వరండాలోకి రాలేదు. మర్నాడు వచ్చింది. గేటు దగ్గరనుంచి పైడితల్లి, సాంబారు బకెట్టుకి అడ్డంగా రిక్షా పెట్టినవాడి ఏడు తరాల్నీ ఊపిరి తీసుకోకుండా తిడుతోంది. నూకరత్నం విసుక్కుంటూనే ఆ తిట్లన్నీ చివరిదాకా విన్నది.

మంత్రిగారు వచ్చేసరికి విగ్రహం విగ్రహంలా లేదు. ఎత్తుగా, తెల్లగా, దక్షిణానికి ఒరిగి, రోడ్డువైపు ప్రహరీ మీదినుంచి తల బయటపెట్టిన రాతి అల. సన్యాసిరావు వాస్తు ప్రకారం వేదిక తూర్పున వేయించాడు. పువ్వులు, మైకులు, బ్యాండు అన్నీ అటే. గజమాల నలుగురు మోసుకొచ్చారు. మంత్రిగారు చేతులు జోడించి, పైకి చూసి, ఒక పక్కకి చూసి, ఇంకో పక్కకి చూసి, సన్యాసిరావు వైపు చూశారు. సన్యాసిరావు చెమటలు కక్కుకుంటూ నూకరత్నం కుర్చీ దగ్గరికి వంగాడు.

"పెద్దమ్మా, మొకం ఎటు?"

"పొగ ఎటుంటే అటు."

చేసేదేముంది? వేదిక ఖాళీ అయింది. మంత్రిగారు, గజమాల, బ్యాండు, అందరూ గేటు దాటి రోడ్డుమీదికి నడిచారు. లారీలు ఆపారు. బొగ్గునుసిలో నిలబడి, మంత్రిగారు ఒక చేత్తో ముక్కు మూసుకుని, ఒక చేత్తో దండ తగిలించారు. ఉపన్యాసం రెండు ముక్కల్లో ముగించి, కారెక్కి అద్దాలు బిగించుకున్నారు. పాలాభిషేకం వల్లనే ఈ ఘనవిజయం అని సన్యాసిరావు టీవీవాళ్ళకి చెబుతూ ఉండిపోయాడు.

అందరూ వెళ్ళాక నూకరత్నం కుర్చీలోంచి లేచింది. ఆ ప్రాంగణంలో ఇన్నేళ్ళున్నా, ప్రహరీ అవతల, గోడ వెంట ఆ రోడ్డుమీద ఆవిడ ఎప్పుడూ నడవలేదు. గోడ పట్టుకుని నడుస్తూ వెళ్ళి, గజమాల కింద, ఆయన పక్కన నిలబడింది. ఆయన ఎటు ఒరిగాడో అటు చూసింది.

బొగ్గు గుట్టలు. ఒకదాని వెనక ఒకటి, సముద్రాన్ని కనపడనివ్వకుండా. వాటిమీద క్రేన్లు. షిఫ్టు దిగి వస్తున్న ఆడవాళ్ళు, నెత్తిన తువ్వాళ్ళు చుట్టుకుని, కళ్ళు మాత్రమే తెల్లగా. అందులో ఒకావిడ ఆగి, నడుం మీద చెయ్యి వేసుకుని దగ్గింది. గోడ దగ్గరికి వచ్చేసరికి నిలబడి, గుండెల నిండా ఒక ఊపిరి తీసుకుని, మళ్ళీ నడిచింది.

కాపురమంతా ఆయన తనవైపు తిరగాలని కూర్చుందే గాని, ఆయన చూస్తున్నదేమిటో వెళ్ళి పక్కన నిలబడి చూడాలని ఆవిడకి తోచనే లేదు. అది తలుచుకుంటే ఆవిడకి పట్టరాని కోపం వచ్చింది.

"ఇదేనేటయ్యా నువ్వు సూస్తన్నది?" అంది. "ఇదా? ఇన్నేళ్ళూ? ఒక్క మాట సెప్తే నీ సొమ్మేటి పోయేది? నానూ ఒచ్చి సూసుందును కదా!"

వెనక లారీ ఒకటి ఆగి హారన్ కొట్టింది. డ్రైవరు తల బయటపెట్టి, "తప్పుకో మామ్మా, రోడ్డుమీద నిలబడ్డావేటి?" అన్నాడు.

నూకరత్నం అటు తిరగనైనా తిరగలేదు.

"ఉండరా! కనపళ్ళేదేటి? మాటాడుకుంటన్నాం!"